నాలుగు గెలుపులు, ఎనిమిది ఓటములు: కొత్త కోచ్‌ను ఎలా తూచాలి?

ప్రశ్న: మేము అమెరికాలో, నార్త్ కరోలినా రాష్ట్రంలోని కేరీలో ఉంటాము. మా అమ్మాయి చాపెల్ హిల్‌లోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో రెండో సంవత్సరం చదువుతోంది. వృత్తి ఫుట్‌బాల్‌లో ఆరు టైటిళ్ళు గెలిచిన బిల్ బెలిచిక్ అంతటి కోచ్ అక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు వస్తున్నాడని విని 2025లో మొదటిసారి సీజను మొత్తానికి టికెట్లు కొన్నాను. తొలి మ్యాచ్‌లోనే టీసీయూ (టెక్సస్ క్రిస్టియన్ విశ్వవిద్యాలయం) జట్టు చేతిలో 48-14 తేడాతో ఓడిపోయారు. చివరికి నాలుగు గెలిచి ఎనిమిది ఓడారు. పొరుగునే ఉన్న ఎన్‌సీ స్టేట్ (నార్త్ కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయం)లో చదివే మా తమ్ముడి కొడుకు ఇంటికి వచ్చినప్పుడల్లా, వాళ్ళ జట్టు మమ్మల్ని ఓడించిన స్కోరు 42-19 అని గుర్తు చేస్తున్నాడు. వేంకటేశ్వరస్వామి గుడిలో కలిసే మిత్రులలో చాలామంది ఈ కోచ్‌ను వెంటనే పంపించాలంటారు. నా మాటా అదే. మా అమ్మాయి మాత్రం ఒక్క ఏడాదికే తీర్పు చెప్పడం అన్యాయమంటుంది. ఈ విషయంలో మాటా మాటా పెరిగి ఇద్దరం ముభావంగా ఉంటున్నాం. చిన్నప్పటి నుంచి తెలిసిన ఆట కాదు మాకు. కొత్త కోచ్ మొదటి సీజను చూసి ఏమైనా తెలుసుకోగలమా? లేకపోతే ఎంతకాలం ఆగాలి? వచ్చే ఏడాదికి టికెట్లు మళ్ళీ కొనమంటారా?
ఒక తండ్రి, కేరీ

సమాధానం: మీ కోపం న్యాయమైనదే. మీ తీర్పు మాత్రం తొందరపాటు. మీ అమ్మాయి తీర్పు సరైనదే కానీ, దానికి ఆమె చూపే కారణం చాలదు. "ఒక్క ఏడాదే కదా" అన్న మాట ఎవరిని గురించైనా అనవచ్చు. మంచి కోచ్‌నూ అది కాపాడుతుంది, చేతకాని కోచ్‌నూ కాపాడుతుంది. మొదటి సీజనులో చూడవలసినది చాలా ఉంది. చివరి పట్టికలోని గెలుపోటముల అంకె మాత్రం అందులో అన్నిటికన్నా తక్కువ చెప్పేది.

ముందు మీ కోపం సంగతి. క్రికెట్ చూసి పెరిగిన మనకు కోచ్ అంటే బౌండరీ బయట కూర్చునే మనిషి. మైదానంలో నిర్ణయాలు కెప్టెన్‌వి. అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌లో అలా కాదు. ఏ హైస్కూలు కుర్రాడిని తేవాలి, ఏ కాలేజీ నుంచి ఎవరిని రప్పించాలి, ఎవరికి ఎంత ఇవ్వాలి, కింద పనిచేసే కోచ్‌లు ఎవరు, పది గజాలు సాధించడానికి ఉండే ప్రయత్నాల్లో చివరిదైన నాలుగో ప్రయత్నంలో బంతిని తన్నాలా, ముందుకే వెళ్ళాలా అన్నదాకా అన్నీ ప్రధాన కోచ్ చేతిలోనే ఉంటాయి. అధికారం అంతా ఒక్కరి దగ్గర ఉన్నప్పుడు బాధ్యతా అక్కడే ఉంటుంది. అందులోనూ బెలిచిక్ తక్కువ మాటలు చెప్పి రాలేదు. ఐదేళ్ళ ఒప్పందం, ఏడాదికి కోటి డాలర్లు, మొదటి మూడేళ్ళ జీతానికి పూర్తి హామీ. వృత్తి ఫుట్‌బాల్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 32 జట్లుంటే తమది 33వ జట్టు అన్నట్టుగా చెప్పుకున్నాడు ఆయన తెచ్చుకున్న జనరల్ మేనేజర్ మైకేల్ లొంబార్డి. ఆ కొలబద్ద వాళ్ళు తమంతట తాము తెచ్చుకున్నది. దానితోనే మీరు కొలిస్తే తప్పేమీ లేదు.

కొత్త కోచ్‌ను సమర్థించేవారు వెంటనే అనే మాట ఒకటుంది: "ఇది ఆయన జట్టు కాదు, పాత కోచ్ వదిలి వెళ్ళిన జట్టు." ఒకప్పుడు ఆ మాటకు బలం ఉండేది. కుర్రవాళ్ళను హైస్కూలు నుంచి తెచ్చి నాలుగేళ్ళు పెంచితే తప్ప జట్టు మారేది కాదు. 2021 నుంచి ఆటగాడు ఒక కాలేజీ వదిలి మరో కాలేజీకి వెళితే ఏడాది ఖాళీగా కూర్చోనక్కరలేదు. 2025 జూలై నుంచి విశ్వవిద్యాలయాలే ఆటగాళ్ళకు నేరుగా డబ్బు ఇవ్వవచ్చు. ఇండియానా విశ్వవిద్యాలయం 2023లో మూడు గెలిచి తొమ్మిది ఓడింది. కర్ట్ సిగ్నెటి వచ్చిన మొదటి ఏడాదే, 2024లో, పదకొండు గెలిచి రెండే ఓడింది. బెలిచిక్ కూడా 2025 జట్టులోకి దాదాపు 70 మంది కొత్తవారిని తెచ్చాడు. వారసత్వంగా వచ్చిన జట్టు అని సాకు చెప్పే వీలు ఆయనకు లేదు.

కానీ ఇక్కడే మీ అమ్మాయి వైపు ఒక మాట చెప్పాలి. పెరికి తెచ్చి నాటిన నారు వేరు పట్టేదాకా వాడిపోయినట్టే కనిపిస్తుంది. కొత్తగా కలిసిన డెబ్బై మంది కుర్రవాళ్ళు సెప్టెంబరు 1 రాత్రి దేశమంతా చూస్తుండగా ఆడారు. బంతి అందుకుని దాడిని నడిపే క్వార్టర్‌బ్యాక్ జియో లోపెజ్ వసంతకాలపు బదిలీలలో వచ్చినవాడు. పక్కవాడి అడుగు ఎటు పడుతుందో ఇంకా తెలియని జట్టది. ఆ రాత్రి కీనన్ స్టేడియంలో మీరు చూసిన దానితో సీజను మొత్తాన్ని కొలవకండి.

మీరున్న చోట ఈ విషయంలో చరిత్ర చాలా ఉంది. కేరీ నుంచి కారులో అరగంట తిరిగితే చాలు. మీ అమ్మాయి కాలేజీలో బాస్కెట్‌బాల్ ఆడే భవనానికి డీన్ స్మిత్ పేరుంది. ఆయన కోచ్‌గా మొదటి సీజను, 1961-62లో, ఎనిమిది గెలిచి తొమ్మిది ఓడాడు. 1965 జనవరిలో వేక్ ఫారెస్ట్ చేతిలో ఓడి జట్టు బస్సులో తిరిగి వచ్చేసరికి విద్యార్థులు ఆయన దిష్టిబొమ్మను ఉరితీసి ఉంచారు. బిల్లీ కన్నింగ్‌హామ్ అనే ఆటగాడు బస్సు దిగి పరుగెత్తి దానిని పీకి పారేశాడు. ఆ తరువాత స్మిత్ 1997 వరకు అక్కడే ఉన్నాడు. మొత్తం 879 విజయాలు, 1982లోనూ 1993లోనూ జాతీయ టైటిళ్ళు. ఇక ఫుట్‌బాల్‌కు వస్తే, బెలిచిక్‌కు ముందున్న మ్యాక్ బ్రౌన్ చాపెల్ హిల్‌కు మొదట వచ్చింది 1988లో. ఆ ఏడాది ఒకటి గెలిచి పది ఓడాడు. 1989లోనూ అచ్చంగా అంతే: ఒకటి, పది. ఈ రోజుల్లో అయితే రెండో ఏడాది పూర్తయ్యేదాకా కూడా ఉంచేవారు కాదు. 1997 నాటికి ఆయన జట్టు పది గెలిచి ఒకటే ఓడింది, టెక్సస్ విశ్వవిద్యాలయం వచ్చి ఆయనను తీసుకుపోయింది.

మీ తమ్ముడి కొడుకు మళ్ళీ ఆ స్కోరు ఎత్తినప్పుడు ఒకటి అడగండి. వాళ్ళ కోచ్ డేవ్ డోరన్ మొదటి సీజను ఎలా గడిచిందో తెలుసా అని. 2013లో మూడు గెలుపులు, తొమ్మిది ఓటములు. కాన్ఫరెన్సులో, అంటే తమ కూటమిలోని కాలేజీలతో, ఆడిన ఎనిమిదీ ఓడిపోయారు. మరుసటి ఏడాది ఎనిమిది గెలిచారు. ఆ కాలేజీ చరిత్రలో అందరికన్నా ఎక్కువ విజయాలు ఇప్పుడు ఆయనవే. చాపెల్ హిల్‌ను 2021 నుంచి 2025 దాకా వరుసగా ఐదుసార్లు ఓడించింది కూడా ఆయన జట్టే.

ఇవన్నీ చదివి మీ అమ్మాయి సంబరపడుతుంది. ఆమెకు ఇంకో వైపు కూడా చూపించాలి. ఓపిక పట్టి లాభపడినవాళ్ళ కథలే మనకు మిగులుతాయి. ఓపిక పట్టి నష్టపోయినవాళ్ళను ఎవరూ తలచుకోరు. నెబ్రాస్కా విశ్వవిద్యాలయం 2018లో స్కాట్ ఫ్రాస్ట్‌ను తెచ్చుకుంది. వాళ్ళ సొంత కుర్రాడు. 1997లో జాతీయ టైటిల్ అందుకున్న జట్టుకు క్వార్టర్‌బ్యాక్. 2017లో యూసీఎఫ్ (సెంట్రల్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయం) కోచ్‌గా ఒక్క మ్యాచ్ కూడా ఓడని సీజను చేసి వచ్చాడు. నెబ్రాస్కాలో మొదటి ఆరు మ్యాచ్‌లూ ఓడి, మిగిలిన ఆరింటిలో నాలుగు గెలిచాడు. "చివర్లో పుంజుకున్నాడు, వచ్చే ఏడాది చూడండి" అన్నారు అందరూ. వచ్చే ఏడాది ఐదు గెలుపులు, ఏడు ఓటములు. 2021లో మూడు, తొమ్మిది. ఆ తొమ్మిది ఓటముల్లో ఒక్కటి కూడా పది పాయింట్ల తేడాతో పోలేదు. ఒక సీజనులో రెండు మ్యాచ్‌లు వెంట్రుకవాసిలో పోతే దురదృష్టం అనుకోవచ్చు. నాలుగేళ్ళు అదే జరిగితే కోచ్ నేర్పనిది ఏదో ఉందని అర్థం. 2022 సెప్టెంబరులో జార్జియా సదరన్ చేతిలో 45-42తో ఓడాక ఆయనను తీసేశారు. మరో మూడు వారాలు ఆగితే చెల్లించవలసిన పరిహారం కోటిన్నర డాలర్ల నుంచి సగానికి తగ్గేది. అప్పటికి ఎవరికీ ఆ మూడు వారాల ఓపిక కూడా మిగలలేదు.

మొదటి సీజను గెలుపులు కూడా ఇలాగే మోసం చేస్తాయి. మిషిగన్‌లో రిచ్ రోడ్రిగెజ్ 2008లో మూడు గెలిచి తొమ్మిది ఓడి, మూడేళ్ళకు పోయాడు. ఆయన స్థానంలో వచ్చిన బ్రేడీ హోక్ 2011లో మొదటి ఏడాదే పదకొండు గెలిచాడు. ఊరు ఊరంతా ఆయనను నెత్తిన పెట్టుకుంది. ఆ పదకొండు గెలిచిన ఆటగాళ్ళలో ఎక్కువమంది, క్వార్టర్‌బ్యాక్ డెనార్డ్ రాబిన్సన్‌తో సహా, వెళ్ళగొట్టిన రోడ్రిగెజ్ తెచ్చినవాళ్ళు. వాళ్ళు వెళ్ళిపోతున్నకొద్దీ హోక్ గెలుపులు ఎనిమిది, ఏడు, ఐదుకు దిగాయి. కొలరాడోలో డియాన్ శాండర్స్ మొదటి ఏడాది 4-8, రెండో ఏడాది 9-4. అంతా మారిపోయిందన్నారు. ఆయన కొడుకు షెడూర్, ట్రావిస్ హంటర్ ఎన్‌ఎఫ్‌ఎల్‌కు వెళ్ళిపోయాక 2025లో 3-9. రెండో ఏడాది మెరుపు చూసి కూడా కోచ్‌ను తేల్చలేకపోయామని కొలరాడో వాళ్ళు ఇప్పుడు అనుకుంటున్నారంటే ఆశ్చర్యం లేదు.

అందుకని పట్టికలో అంకెను పక్కన పెట్టి, సీజను లోపలికి వెళ్ళి చూద్దాం. ఇదే నేను మీకు నేర్పదలచిన పద్ధతి. ఆట లోతులు తెలియకపోయినా కాగితం, పెన్సిలు ఉంటే చాలు.

షార్లెట్, రిచ్‌మండ్ మీద గెలుపులను వదిలేయండి. అవి ఎలాగూ గెలవవలసినవే. మిగిలిన పదింటిని వరుసగా రాసి మూడు భాగాలు చేయండి. మొదటి భాగంలో టీసీయూ, యూసీఎఫ్, క్లెమ్సన్: ఇచ్చిన పాయింట్లు 48, 34, 38. అంటే మ్యాచ్‌కు 40. క్లెమ్సన్‌తో మొదటి క్వార్టర్ ముగిసేసరికే 28-3. అంత ఘోరంగా ఓడిన జట్లు మామూలుగా అక్కడితో చెల్లాచెదురవుతాయి. లోపల గొడవలున్నాయని పత్రికలు రాసింది కూడా ఆ రోజుల్లోనే. తరువాత ఒక వారం విరామం. ఆ విరామం తరువాత నాలుగు మ్యాచ్‌లు చూడండి: కాలిఫోర్నియాకు 21, వర్జీనియాకు 17, సిరక్యూస్‌కు 10, స్టాన్‌ఫర్డ్‌కు 15. మ్యాచ్‌కు 16 కూడా లేదు. రెండు గెలిచారు. ఓడిన రెండింటిలో ఒకటి మూడు పాయింట్లతో, మరొకటి అదనపు సమయంలో ఒక్క పాయింటుతో. కాలిఫోర్నియా మ్యాచ్‌లో నాలుగో క్వార్టర్‌లో ఒక కుర్రాడు గోల్ లైను దాటబోతూ బంతి జారవిడిచాడు. వర్జీనియా మ్యాచ్‌లో గెలుపు కోసం చేసిన రెండు పాయింట్ల ప్రయత్నం గీతకు ఇవతలే ఆగిపోయింది. ఆ రెండు చోట్లా బంతి గీత దాటి ఉంటే మనం ఈ ఉత్తరాలు రాసుకోవలసిన అవసరమే ఉండేది కాదేమో.

దీని అర్థం ఏమిటంటే, సెప్టెంబరులో విరిగిన డిఫెన్స్‌ను, అంటే ఎదుటివాళ్ళ దాడిని ఆపే దళాన్ని, అక్టోబరులో ఎవరో కూర్చుని బాగుచేశారు. ఆ డిఫెన్స్‌ను నడిపేది బెలిచిక్ కొడుకు స్టీవ్. కొడుకుకు ఉద్యోగం ఇచ్చాడని మీ మిత్రులు అంటూనే ఉంటారు. బంధుత్వం మీద అభ్యంతరం ఎవరికైనా ఉండవచ్చు, కానీ ఆ నాలుగు వారాల పని పనే. ఒక కోచ్‌కు బోధించే శక్తి ఉందా లేదా అని అడిగితే, సీజను మధ్యలో ఒక పెద్ద తప్పు దిద్దుకోగలగడం కన్నా మంచి సాక్ష్యం నాకు తెలియదు.

ఇక మూడో భాగం. వేక్ ఫారెస్ట్‌కు 28, డ్యూక్‌కు 32, ఎన్‌సీ స్టేట్‌కు 42. మ్యాచ్‌కు 34. మూడూ ఇరుగుపొరుగు కాలేజీలు, మూడూ నవంబరులో, మూడూ ఓటములు. మీ అమ్మాయి తప్పనిసరిగా చూడవలసిన భాగం ఇది. దిద్దిన డిఫెన్స్ మళ్ళీ ఎందుకు విరిగింది? నా అంచనా ఒకటుంది, దానికి కారణం రెండో వరుస అంకెల్లో కనిపిస్తుంది. ఆ పది మ్యాచ్‌లలో మన జట్టు చేసిన పాయింట్లు: 14, 9, 10, 18, 16, 27, 20, 12, 25, 19. ముప్ఫై ఒక్కసారి కూడా దాటలేదు. అఫెన్స్, అంటే బంతితో దాడి చేసే దళం, సెప్టెంబరులో ఎలా ఉందో నవంబరులో కాస్త అటూ ఇటుగా అలాగే ఉంది. మనవాళ్ళు బంతిని త్వరగా వదులుకుంటే ఎదుటివాళ్ళ దాడిని ఆపేవాళ్ళు మైదానంలోనే ఉండిపోతారు. పన్నెండు వారాలు అలా నిలబడితే ఎవరి కాళ్ళైనా పట్టేస్తాయి.

డ్యూక్ మ్యాచ్ నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది. చివరి నిమిషాల్లో వాళ్ళు ఫీల్డ్ గోల్ (మూడు పాయింట్ల కోసం స్తంభాల మధ్యకు కొట్టే కిక్కు) తన్నుతున్నట్టు నటించి, తన్నవలసిన కుర్రాడే బంతి పట్టుకుని పరుగెత్తాడు. మనవాళ్ళు పూర్తిగా మోసపోయారు. కిక్కుల విభాగంలో చిన్న వివరం కూడా వదలని మనిషిగా బెలిచిక్‌కు యాభై ఏళ్ళ పేరుంది. అటువంటి ఆయన జట్టు అక్కడ దెబ్బతినడం సిబ్బంది పనితనం మీదే ప్రశ్న. సీజను ముగిశాక అఫెన్స్ కోఆర్డినేటర్ ఫ్రెడీ కిచెన్స్‌నూ, కిక్కుల విభాగం చూసిన మైక్ ప్రీఫర్‌నూ ఆయన పంపించాడు. రెండూ సరైన చోట్లే. ఎక్కడ విరిగిందో అక్కడే చేయి వేశాడు. అఫెన్స్‌కు బాబీ పెట్రినోను తెచ్చాడు. 2016లో లామార్ జాక్సన్, కాలేజీ ఆటగాళ్ళలో ఉత్తముడికి ఇచ్చే హైస్మన్ ట్రోఫీ గెలిచినప్పుడు లూయివిల్‌లో ఆయనకు కోచ్ పెట్రినోయే.

ఓటమి తరువాత ఏం మార్చారన్నది ఎంత పెద్ద ప్రశ్నో చెప్పడానికి మన హైదరాబాద్ మనిషి ఒకరున్నారు. ఆట వేరు, ఆయనది కాలితో ఆడే ఫుట్‌బాల్. సయ్యద్ అబ్దుల్ రహీం కోచ్‌గా ఉన్న భారత జట్టు 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడింది. మనవాళ్ళలో చాలామంది ఉత్త కాళ్ళతో ఆడారు. ఆ తరువాత బూట్లు తప్పనిసరి అయ్యాయి, మైదానంలో ఆటగాళ్ళు నిలబడే అమరికను రహీం మార్చాడు. 1956లో మెల్‌బోర్న్‌లో ఆ జట్టే నాలుగో స్థానం దాకా వెళ్ళింది. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చింది. 10-1 చూసి రహీం సాహెబ్‌ను ఇంటికి పంపి ఉంటే భారత ఫుట్‌బాల్‌లో అంత మంచి కాలం ఉండేదే కాదు.

మరి బెలిచిక్ గెలిచిన ఆరు సూపర్ బౌల్ (ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్) టైటిళ్ళ మాట? మీరు టికెట్లు కొన్నది అది చూసే కదా. నా ఉద్దేశంలో దానిని సాక్ష్యంగా తీసుకోకూడదు, మీకు అనుకూలంగానైనా, మీ అమ్మాయికి అనుకూలంగానైనా. బెలిచిక్ జీవితంలో మొదటి సీజన్లు ఇదివరకే రెండున్నాయి. 1991లో క్లీవ్‌లాండ్‌లో 6-10. అక్కడ ఐదేళ్ళున్నాడు, అందులో ఒక్క ఏడాది మాత్రమే ఓటములకన్నా గెలుపులు ఎక్కువ. తీసేశారు. 2000లో న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్‌తో 5-11. మరుసటి ఏడాదే సూపర్ బౌల్ గెలిచాడు. ఒకే మనిషి, రెండు దుర్బలమైన మొదటి సీజన్లు, రెండు వేరువేరు ఫలితాలు. మధ్యలో ఏం మారింది? 2001లో అప్పటి క్వార్టర్‌బ్యాక్ డ్రూ బ్లెడ్సో గాయపడితే, జట్లు కొత్త ఆటగాళ్ళను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్టులో 199వ వాడిగా వచ్చిన టామ్ బ్రేడీ క్వార్టర్‌బ్యాక్ అయ్యాడు. 2019 సీజను తరువాత బ్రేడీ వెళ్ళిపోయాక పేట్రియట్స్ నాలుగేళ్ళ లెక్క: 7-9, 10-7, 8-9, 4-13. బెలిచిక్ గొప్పతనం అబద్ధమని నేను అనడం లేదు. ఎదుటి జట్టును ఎలా ఆపాలో ఆయనకు తెలిసినంతగా తెలిసినవాళ్ళు తక్కువ. కానీ క్వార్టర్‌బ్యాక్ దొరకని చోట ఆ తెలివి నాలుగు గెలుపుల దగ్గరే ఆగిపోయింది, అక్కడా, ఇక్కడా.

అందుచేత చాపెల్ హిల్‌లో చూడవలసిన అసలు విషయం ఇదే: రెండో ఏడాదికి ఎలాంటి క్వార్టర్‌బ్యాక్‌ను తెస్తాడు, ఆ కుర్రాడిని పెట్రినో ఎలా తయారుచేస్తాడు. కాలేజీ కుర్రాళ్ళతో బెలిచిక్ ఇక్కడికి రాకముందు ఎన్నడూ పనిచేయలేదు. పంతొమ్మిదేళ్ళ వాడిని ఇంటికి వెళ్ళి ఒప్పించి తీసుకురావడం, తప్పు చేస్తే నిలబెట్టి నేర్పడం ఆయనకు కొత్త విద్య. డెబ్బై దాటిన వయసులో కొత్త విద్య నేర్చుకోగలడా అన్నది అమర్యాదకరమైన ప్రశ్న కాదు, అడగవలసినదే. మ్యాక్ బ్రౌన్‌కు 1-10 సీజన్లు రెండు క్షమించినప్పుడు ఆయన వయసు నలభైలోపు. అంత కాలం ఇక్కడ లేదు. కాబట్టి డీన్ స్మిత్ పేరు చెప్పి పదేళ్ళు ఆగమనడం కూడా సరికాదు. బెలిచిక్ వ్యక్తిగత జీవితం గురించి వచ్చే వార్తలను మాత్రం ఈ లెక్కలోకి రానివ్వకండి. మీ మిత్రుల మాటల్లో సగం అదే ఉంటుందని నా అనుమానం. దాని నుంచి మీకు ఆట గురించి తెలిసేది ఏమీ లేదు.

ఇప్పుడే తీసేస్తే ఏమవుతుందో కూడా ఆలోచించండి. హామీ ఇచ్చిన జీతం ఇంకా రెండేళ్ళది, అంటే రెండు కోట్ల డాలర్లు ఉంది. 2023లో టెక్సస్ ఏ అండ్ ఎమ్ జింబో ఫిషర్‌ను పంపించడానికి ఏడున్నర కోట్ల డాలర్లకు పైగా కట్టవలసి వచ్చింది, దానితో పోలిస్తే ఇది చిన్నదే. అయినా నన్ను ఆలోచింపజేసేది డబ్బు కాదు. కోచ్ మారితే ఆటగాళ్ళకు బదిలీ తలుపు తెరుచుకుంటుంది. మళ్ళీ డెబ్బై మంది కొత్తవాళ్ళు, మళ్ళీ ఒకరి పేరు ఒకరికి తెలియని సెప్టెంబరు. అక్టోబరులో డిఫెన్స్ నేర్చుకున్నది కూడా పోతుంది.

ఎంతకాలం ఆగాలి అని అడిగారు. 2026 సీజను పూర్తయ్యేదాకా. అంతకు మించి నేను అడగను. ఆగడం అంటే కళ్ళు మూసుకోవడం కాదు కనుక, చూడవలసినవి చెబుతాను. మొదటి మ్యాచ్ ఆగస్టు 29న, ఐర్లండ్‌లోని డబ్లిన్‌లో, మళ్ళీ టీసీయూతోనే. అక్కడ ఓడినా ఫరవాలేదు. మన జట్టు మొదటి అరగంట ఆటలో బంతిని ఎంతసేపు తన దగ్గర ఉంచుకుందో చూడండి. కాన్ఫరెన్సు మ్యాచ్‌లలో పాయింట్లు ఇరవై దాటి ఇరవై ఐదు, ముప్ఫైల వైపు వెళుతున్నాయా అని రాసుకోండి. నవంబరుకు వచ్చేసరికి మళ్ళీ డిఫెన్స్ కూలిందా అని చూడండి. ఈ మూడింటిలో రెండు మెరుగైతే, గెలుపులు ఆరే అయినా ఆయనను ఉంచాలంటాను. అఫెన్స్ ఇలాగే ఉండి, నవంబరు ఇలాగే ఉంటే, గెలుపులు ఏడు వచ్చినా మీ వాదన వైపే నేనూ నిలబడతాను. ఇంకొకటి, చలికాలంలో బదిలీల జాబితాలు వచ్చినప్పుడు ఎవరు వస్తున్నారన్నది అందరూ చూస్తారు. మీరు ఎవరు వెళ్ళిపోతున్నారో చూడండి. బాగా ఆడిన రెండో ఏడాది, మూడో ఏడాది కుర్రాళ్ళు ఉండిపోతే లోపల సంగతులు పత్రికలు రాసినంత చెడ్డగా లేవని అర్థం. వాళ్ళే మూటా ముల్లే సర్దుకుంటే కోచ్ ఎన్ని మాటలు చెప్పినా నమ్మకండి.

మీ అమ్మాయి గురించి ఒక మాట. మీకు ఆ పదకొండు మంది టీవీలో కనిపించే జట్టు. ఆమెకు క్లాసులో పక్కన కూర్చునేవాళ్ళు, మెస్సులో వరుసలో నిలబడేవాళ్ళు. గోల్ లైను దగ్గర బంతి జారవిడిచిన కుర్రాడు మర్నాడు అదే క్యాంపస్‌లో నడవాలి. "ఒక్క ఏడాదికే" అని ఆమె అంటున్నప్పుడు బెలిచిక్‌ను వెనకేసుకొస్తోందని మీరనుకుంటున్నారు. ఆమె మనసులో ఉన్నది ఆ కుర్రవాళ్ళేమో అడిగి చూడండి. పై అంకెల కాగితం తీసుకువెళ్ళి ఆమెతో కలిసి కూర్చోండి. మూడో భాగం మీరు చెప్పకుండా ఆమె చేతనే చదివించండి, రెండో భాగం ఆమె మీకు చెబుతుంది.

టికెట్లు సీజను మొత్తానికి కొనకండి. నిరుడు మీరు ఒక పేరును చూసి కొన్నారు, ఈసారి ఆట చూసి కొనండి. డబ్లిన్ మ్యాచ్ ఇంట్లో టీవీలో చూడండి, సెప్టెంబరులో ఒకటి, అక్టోబరులో ఒకటి విడిగా తీసుకోండి. నవంబరులో పొరుగు కాలేజీతో ఆడే మ్యాచ్ ఒకటి కీనన్‌లో ఉంటే దానికి మాత్రం ముందే కొని ఉంచుకోండి, మీ తమ్ముడి కొడుకును కూడా తీసుకువెళ్ళండి.